స్లో తగ్గించు

శోభారాణి సర్పంచైన యేడు ఊర్లె ఒక్కలు గూడ ఆమెను సర్పంచని అనుకోలే. పంచాయతి ఆఫీసు గోడ మీద నీలిరంగుతోని పెద్ద పెద్ద అక్షరాలల్ల పేరైతే రాసిన్రు. గా గోడ కింద కుర్చీల మాత్రం ఆమె మొగడు పరమేశ్ కూసునేటోడు. తొంబై అయిదుల ఎలక్షన్లొచ్చి సీటు ఆడోళ్ళకు రిజర్వైంది గదా, అందుకే పెండ్లాన్ని నిలవెట్టిండు, తిరిగి తిరిగి గెలిపిచ్చిండు, గెలిచినంక దండ తన మెడల ఏసుకున్నడు. కాయిదాలు ఇంటికే వచ్చేటియి. శోభ పొయ్యికాడికెల్లి లేచి, కొంగుకు చేతులు తుడుసుకుంట వచ్చి సంతకం వెట్టాలె. ఏం కాయిదమని అడిగితే, "నీకెందుకే గా పరేషాన్, పప్పు మాడుతాంది సూడు పో" అనేటోడు.

కొట్టే మనిషి గాదు పరమేశ్. కొడితే నలుగురన్నా వచ్చి అడుగుతరు. గీయిన నవ్వుతడు. నలుగురి నడుమ ఒక మనిషిని నిలవెట్టి నవ్వులపాలు జేసుడంటే వానికి దావత్ ఉన్నంత ఖుషీ. మేడ్చల్‌కు, శామీర్‌పేటకు నడుమనున్న గా ఊర్లె అప్పుడప్పుడే పొలాలన్నీ ప్లాట్లైతున్నయి. పరమేశ్ గూడ తాతలనాటి జొన్నచేన్ల రాళ్ళు పాతి, రాళ్ళకు సున్నమేసి, వెంచర్ అని బోర్డు వెట్టిండు. కొనెటోళ్ళు వచ్చి నీళ్ళున్నయా అని అడుగుతున్నరు. నీళ్ళు లేవు.

గా యేడే ఊరికి ఒక సర్కారు బోరు మంజూరైంది. చాపలు వట్టుకుని బతికేటోళ్ళ వాడ ఊరికి ఆ కొసకు ఉంటది. ఆడ ఆడోళ్ళు బిందెలు వట్టుకుని పొలాల మోటర్ల ఎంబడి తిరుగుతుండ్రి. మోటరోడు పట్టుకొమ్మంటే పట్టుకోవాలె, పొమ్మంటే పోవాలె. వాడకు వార్డు మెంబరు సాలమ్మ. ఆమె ఒకనాడు పెరటి దిక్కుకెల్లి వచ్చి శోభ ముంగట నిలవడ్డది. "పటేలమ్మా, నీ గుర్తుకు మా వాడ మొత్తం గుద్దింది. గా బోరు మా దిక్కు రాపియ్యి, నీ కాల్మొక్త" అన్నది. శోభ సరేనన్నది. అన్నంక తెలిసింది, పరమేశ్ గా బోరును తన వెంచర్ల ఏపిచ్చుకుందామని చూస్తున్నడని.

బోరు యాడ ఏసేది మండలాఫీసు మీటింగుల సర్పంచ్ లేచి చెప్పాలె. ఇన్నొద్దులు పరమేశే పోయి చెప్పొచ్చేటోడు. కొత్తగొచ్చిన ఆఫీసరు మాత్రం తిక్క మనిషి. సర్పంచులే రావాలె, మొగోళ్ళు గేటు బయట చెట్టుకింద కూసోవాలె అని హుకుం జేసిండు.

గీ ముచ్చట పరమేశ్ తమ్మునోళ్ళ ఇంట్ల పుట్టెంటికల దావత్ల వచ్చింది. మొగోళ్ళంత మంచాల మీద కూసున్నరు. పరమేశ్ గ్లాసు వట్టుకుని, "మా మేడమ్‌ను తోల్కవోయి లోపట కూసోవెడ్త. కిటికీకాడ నిలవడి నేను చెయ్యి ఊపుతుంటె ఆమె తల ఊపుతది" అన్నడు. అందరు పడీ పడీ నవ్విన్రు. శోభ కూర వడ్డిస్తున్నది. ఒళ్ళు మండింది ఆమెకు. గంటె గిన్నెల పెట్టి, "నేను ఒక్కదాన్నే వోత" అన్నది.

"ఎట్ల వోతవ్? ఎగిరి పోతవా?" అన్నడు పరమేశ్.

గా ఇంటి ఆడోళ్ళు బస్సెక్కరు. ఎక్కితే ఇజ్జత్ పోతదని అత్త నర్సమ్మ కాపురానికొచ్చిన నాడే చెప్పింది.

"కారు నేర్సుకుని పోత."

ఇగ నవ్వు సూడాలె. నర్సమ్మ సుత నోట్ల ఆకువక్క ఉంచుకుని నవ్వింది. పరమేశ్ నవ్వి నవ్వి, కండ్లు తుడుసుకుని, "సరే. షర్తు" అన్నడు. "మనింటికాడికెల్లి మేడ్చల్ మండలాఫీసు దాక కారు ఒక్కసారన్నా బంద్ వడకుంట తీస్కవో. నేను ఎన్కసీట్ల కూసుంట. పోయినవనుకో, మీటింగు నీదే, బోరు నీదే, నీకు నచ్చింది మాట్లాడుకో. తొవ్వల బంద్ వడ్డదనుకో, ఇగ నీ పదవున్నన్ని దినాలు నేను చూపిచ్చిన కాడ సంతకం వెట్టాలె, నోరు తెరువొద్దు. ఇంతమంది ఉన్నరు సాక్షం."

"ఒప్పుకున్న" అన్నది శోభ. బౌరంపేట్ల వాళ్ళ బాపు పొలం దున్నేటప్పుడు ఆమెను ట్రాక్టర్ ఎక్కిచ్చేటోడు. పెండ్లి గాక ముందే క్లచ్చు, గేరు ఆమెకు ఎరుక. కారు ఓ లెక్కనా అనుకున్నది.

తెల్లారి పరమేశే కారుల ఎక్కిచ్చుకుని అత్వెల్లి కాడున్న సిద్దయ్య షెడ్డుకు తీస్కవోయిండు. సిద్దయ్య ఆ రోడ్డు మీద పేరున్న మెకానిక్కు. పరమేశ్ కారు ఎప్పటికీ ఆయినె సూస్తడు. శోభ పక్కన నిలవడి ఉండంగనే పరమేశ్ అన్నడు, "సిద్దన్నా, మా మేడమ్ కొత్తగ నేర్సుకుంటాంది. జెర స్లో తగ్గించు."

సిద్దయ్య ఒకసారి పటేల్ దిక్కు సూసిండు, ఒకసారి ఆమె దిక్కు సూసిండు. "తగ్గియ్యమంటవా?"

"తగ్గియ్యి. మంచిగ తగ్గియ్యి."

శోభకు కడుపు సల్లగైంది. కారు ఉరకకుంట స్పీడు తక్కువ జేపిస్తున్నడనుకున్నది. ఎంత ఎక్కిరిచ్చినా మొగడు మొగడే, పెండ్లాం ఏ చెట్టుకన్న గుద్దుకుంటదేమోనని భయం ఉండదా అనుకున్నది. పిచ్చిది! ఆ దినం నాటుకోడి కోపిచ్చి ఒండింది. పరమేశ్‌కు లివర్ ముక్కలు ఏరి ఏసింది. సిద్దయ్యకు గూడ టిఫిన్ డబ్బల కట్టి పంపింది.

ఇగ మొదలైంది తమాష. పంచాయతి ఆఫీసు మలుపుకాడ బర్లు అడ్డమొచ్చినయి. శోభ రేసు మీదికెల్లి కాలు తీసి బ్రేకు మీద వెట్టింది. ఇంజన్ దగ్గింది. స్టీరింగు చేతులల్ల గజగజ వణికింది. బంద్ వడ్డది. తాళం తిప్పితే స్టార్టైంది, కాలు తీస్తె మళ్ళ సచ్చింది. కల్లు దుకాణం కాడున్నోళ్ళంత లేచొచ్చిన్రు. "సర్పంచ్ బండి బంద్ వడ్డదిరో, నూకుండ్రి!" అని ఎన్కకెల్లి నూకిన్రు. నూకెటోళ్ళు కొందరు, ఈలలేసెటోళ్ళు కొందరు. శోభ మొఖం దించుకుని స్టీరింగు పట్టుకున్నది.

పరమేశ్ వచ్చి, "జరుగు" అని కూసున్నడు. కారు రయ్యిమని వోయింది. మలుపుకాడ ఆగింది, నిలవడ్డది, మళ్ళ వోయింది. వాని చేతుల ఒక్కసారి గూడ బంద్ వడలే. "కార్ల ఖరాబు లేదే, నీ కాల్ల ఉంది" అన్నడు. గా మాట ఊర్లె అందరి నోట్ల పడ్డది. ఆమె పోతాంటె, "కార్ల లేదట, కాల్ల ఉందట" అని ఇనవడేటట్టు అనుకునేటోళ్ళు.

శోభ ఊకోలే. మళ్ళ మళ్ళ సిద్దయ్య కాడికి వోయింది. సిద్దయ్య ఒకనాడు ప్లగ్గులు విప్పి మసి గీకిండు. ఒకనాడు ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ప్లాటినం అరిగిందని దాన్ని రాకిండు. ఇంకోనాడు పెట్రోల్ల నీళ్ళు కలిసినయేమో అని టాంకి దులిపిండు. గాలి ఫిల్టర్ కొట్టి కొట్టి దుమ్ము రాల్చిండు. కార్బొరేటర్ మొత్తం విప్పి పెట్రోల్తోని కడిగి ఊదిండు. ప్రతిసారి పనైనంక ఇంజన్ సల్లగ, ఒక్క తీరుగ నడిచేది. శోభ సంబురపడేది. అప్పుడు సిద్దయ్య, "ఒక్క నిమిషమమ్మా" అని పేచ్‌కస్ వట్టుకుని మళ్ళ వంగి, ఇంజన్ల ఏదో జెర తిప్పి, బానెట్ మూసేటోడు. ఆఖరుకు బిగిస్తున్నడేమో అనుకునేది ఆమె. ఆయిన మొఖం మాత్రం ఎన్నడు గూడ ఎత్తకపోయేటోడు. ఊర్లెకు రాంగనే కారు మళ్ళ అదే తీరు.

నర్సమ్మకైతే ఇది మంచి ముచ్చటైంది. "ఆడమనిషి కాలు తాకినంక ఇంజన్ నిలుస్తదా" అని వచ్చినోళ్ళకల్ల చెప్పేది. పరమేశ్ అన్నం కాడ కూసుని నోటితోని ఇంజన్ లెక్క దగ్గి, వణికి, కండ్లు మూసి పక్కకు వాలెటోడు. సుట్టాలొస్తె మళ్ళ చేసి చూపిచ్చెటోడు. శోభ అన్నం వడ్డించుకుంటనే సూసేది. తన కాలును తనే తిట్టుకున్నది. ట్రాక్టర్ నడిపిన కాలు ఇదేనా, పెండ్లైనంక కాల్లల్ల బలం పోయిందా అని పండుకున్నప్పుడు గూడ పాదం ఆడిచ్చి సూసుకునేది.

సాలమ్మ మళ్ళొచ్చింది. ఈసారి కాల్మొక్తననలే. "నిన్ను నమ్ముకుంటె మేము నీళ్ళకు సచ్చేటట్టున్నం పటేలమ్మా" అన్నది. "నీతోని గాదంటె గాదని జెప్పు. మేమే పోయి పటేల్ కాళ్ళ మీద పడ్తం." అని బిందె సంకల వెట్టుకుని ఎల్లిపోయింది. గా మాట శోభకు కల్లు దుకాణం నవ్వుల కన్నా ఎక్కువ కాలింది.

ఒక పొద్దటి పూట ఎవ్వరు సూడని కాడ నేర్సుకుందామని శామీర్‌పేట తొవ్వ వట్టింది. ఎదురుంగ లారీ వస్తె పక్కకు తీసింది, కాలు లేపింది, అంతే, బంద్. ఎన్కనే ఒక సర్కారు జీపు వచ్చి ఆగింది. లోపట ఎవ్వరు లేరు, డ్రైవర్ ఒక్కడే. నెత్తి నెరిసిన మనిషి. దిగొచ్చి, "ఏమైందమ్మా?" అన్నడు.

"నా కాలు మంచిది గాదన్నా" అన్నది శోభ. నిజంగ గట్లనే అన్నది.

ఆయిన ఎగాదిగా సూసి బానెట్ లేపిండు. "స్టార్ట్ జేసి రేసియ్యి." ఇచ్చింది. చెవి వెట్టి ఇన్నడు. "మిస్సింగ్ గొడ్తలేదు. ప్లగ్గులు మంచిగున్నయి, పెట్రోల్ మంచిగొస్తాంది." ఒక రబ్బరు పైపు ఏలుతోని ఒత్తిండు, వదిలిండు. "గాలి గూడ గుంజుతలేదు. ఇగ కాలు తీయి." తీసింది. దగ్గింది, వణికింది, సచ్చింది. జీపు డ్రైవర్ వంగి సూసి నాలిక కొరుక్కున్నడు. "స్లో మొత్తం దింపిన్రు గదమ్మా. ఎవలు జేసిన్రు గీ పని?"

"స్లో అంటె... స్పీడు గాదా?"

"స్పీడుకు, దీనికి ఏం సంబంధం? కాలు తీసినా ఇంజన్ సావకుంట తన మీద తాను గుడుగుడుమని తిరుగుతుంటది సూడు, దాన్ని స్లో అంటం. గీ స్క్రూ ఉంది గదా, ఇది బిగిస్తె పెరుగుతది, వదులు జేస్తె తగ్గుతది. గింత తగ్గిస్తె డ్రైవింగుల పుట్టినోనికి గూడ బంద్ వడ్తది. కాలు రేసు మీదికెల్లి తియ్యకుంట నడపాలె. గట్లెవలు నడుపుతరు?"

శోభకు షెడ్డుకాడ పరమేశ్ అన్న మాట యాదికొచ్చింది. తన ముంగటనే అన్నడు. దాచి గాదు, గుసగుస గాదు, పక్కన నిలవెట్టుకుని, నవ్వుకుంట, స్లో తగ్గించు, మంచిగ తగ్గించు అన్నడు. నేను దానికి కోడి కోసి వెట్టిన! లివర్ ముక్కలు ఏరి ఏసిన! తిన్నడు గదా, ఏళ్ళు నాక్కుంట తిన్నడు. సిద్దయ్య సుత తిన్నడు. ఏడుపొస్తదేమోనని కొంగు నోటికి అడ్డం వెట్టుకున్నది గనీ, ఏడుపు రాలే. కోపమొచ్చింది, గా కోపం ఇగ పోలే.

జీపాయన స్క్రూ తిప్పిండు. కారు సల్లగ తిరగవట్టింది. కాలు తీసి పక్కన వెట్టినా గుడుగుడుమంటనే ఉన్నది.

"అన్నా, మళ్ళ ఎట్లున్నదో గట్లనే దింపు" అన్నది శోభ.

"ఏందీ?"

"దింపి, ఎట్ల పెంచుడో నా చేతులతోని నేర్పు."

ఆయిన స్క్రూ మళ్ళ దింపిండు. నేర్పిచ్చి, తన దగ్గరున్న పాత పేచ్‌కస్ గూడ ఇచ్చి ఎల్లిపోయిండు.

తెల్లారి పరమేశ్ కారు తీస్తె పక్కన కూసుని వాని కాళ్ళ దిక్కు సూసింది. బ్రేకు తొక్కేటప్పుడు గూడ మడిమె రేసు మీదనే ఉన్నది. ఆగిన కాడ, పాన్ డబ్బా కాడ, ఎవలతోనన్న మాట్లాడేటప్పుడు, ఎప్పుడు గూడ మడిమె లేపలే. లోపట్లోపట నవ్వుకుంట నడుపుతున్నడు. అడగాల్నా అనుకున్నది. అడిగితే ఏమైతది? నవ్వుతడు, గా నవ్వు గూడ ఊరంత జెప్పుతడు. అడగలే.

అప్పటికెల్లి శోభ ఊరు దాటంగనే స్క్రూ బిగిచ్చుకుని శామీర్‌పేట దాక తిరిగొచ్చేది, ఊరు రాకముందే మళ్ళ వదులు జేసేది. ఊర్లె మాత్రం పంచాయతి ఆఫీసు ముంగట బంద్ వడనిచ్చేది. నూకిచ్చుకునేది. నవ్వితే నవ్వనిచ్చేది.

మీటింగు దినమొచ్చింది. పొద్దుగాల ఇంట్లోళ్ళు లేవకముందే బానెట్ లేపి స్లో పెంచి పెట్టుకున్నది. పరమేశ్ తెల్లబట్టలు తొడిగి, సెంటు కొట్టుకుని ఎన్కసీట్ల కాలుమీద కాలేసుకుని కూసున్నడు. నర్సమ్మ వాకిట్లకెల్లి, "బంద్ వడంగనే బిరాన రాండ్రి, నీళ్ళు కాగవెడ్త" అన్నది.

కారు పంచాయతి ఆఫీసు మలుపుకాడికి వచ్చింది. కల్లు దుకాణమోళ్ళు నూకెటందుకు లేచి నిలవడ్డరు. శోభ ఆపింది, బర్లను పోనిచ్చింది. ఇంజన్ గుడుగుడుమంటనే ఉన్నది. లేచినోళ్ళు లేచినట్టే నిలవడ్డరు. అద్దంల పరమేశ్ కాలు కిందికి దించుకున్నడు.

"ఆపు, పాన్ తీస్కుంట" అన్నడు. ఆపింది. పాన్ కట్టెదాక కారు నడుస్తనే ఉన్నది. "ఆపు, ఒంటికొచ్చింది" అన్నడు. ఆపింది. ఈసారి వచ్చి ముంగటి సీట్ల కూసున్నడు. ఆమె కాళ్ళ దిక్కు గుచ్చి గుచ్చి సూసిండు, మడిమె రేసు మీద ఉందేమోనని. కాలు మొత్తం బ్రేకు మీదనే ఉన్నది. మొఖం మాడింది వానికి. సిద్దిగాడు మోసం జేసిండని నోట్లనే గొణిగిండు. శోభ ఇన్నది, ఇననట్టు గేరు మార్చింది.

అత్వెల్లి ఇంక జెరంత దూరముందనంగ పరమేశ్ నడుం పట్టుకున్నడు. కిడ్నీల రాయి. పోయినేడు గూడ లేచింది. నీళ్ళు బాగ తాగుమని డాక్టర్ చెప్తె నీళ్ళు దప్ప అన్నీ తాగిండు. నొప్పి వస్తె మనిషి నిలవడనియ్యదు, కూసోనియ్యదు. "అవ్వో... శోభా... జల్దీ పోనియ్యే, దవఖాన, మేడ్చల్ దవఖాన" అని సీట్ల మెలికలు తిరగవట్టిండు. చెమటలు, వాంతులు, తెల్లబట్టల మీద పాన్ ఎర్రగైంది.

శోభ సూసింది. జాలి రావాలె గదా, ఎన్నేండ్లు కాపురం జేసింది. జాలి కోసం లోపట ఎతుక్కున్నది. దొరకలే.

అత్వెల్లి ఎక్స్ రోడ్డు కాడ, సరిగ్గ సిద్దయ్య షెడ్డు ముంగట, పక్కనే ఛాయ్ హోటల్, పొద్దటి పూట మస్తు మంది ఉన్నరు. ఆడికి రాంగనే గేరుల ఉండంగనే క్లచ్చు వదిలింది. కారు ఒక దుంకు దుంకి బంద్ వడ్డది.

పరమేశ్ నొప్పిల గూడ తల లేపిండు. "బంద్ వడ్డది! ఓడినవే! ఓడిపోయినవ్!" అన్నడు. పండ్లు గిట్టకరుసుకుంట నవ్విండు. "ఇగ సంతకాలు వెట్టు... అవ్వో..."

"ఓడిపోయిన" అన్నది శోభ. "సిద్దన్నా, ఇటు రా. ఎందుకు బంద్ వడ్డదో సూడు."

హోటల్ కాడున్నోళ్ళు ఉరికొచ్చిన్రు. పరమేశ్‌ను ఎత్తి బయట మంచం మీద పండవెట్టిన్రు. కారుల కూసోలేక వాడే ఎత్తుమన్నడు. నీళ్ళు మొఖాన కొట్టిన్రు. సిద్దయ్య బానెట్ లేపి చేతులు కట్టుకుని నిలవడ్డడు. దుంకుడు సప్పుడు ఆయిన చెవుల పడ్డది.

"జల్దీ స్టార్ట్ జేయిరా సిద్దిగా!" అని మంచం మీదికెల్లి ఒర్లిండు పరమేశ్.

"ఆగుండ్రి" అన్నది శోభ. "మళ్ళ తొవ్వల బంద్ వడ్తె? ఖరాబు దొరకాలె గదా. ప్లగ్గులు సూడు సిద్దన్నా."

"ప్లగ్గులు గాదే!"

"అయితే ప్లాటినమేమో. రాకియ్యాల్నా?"

"ప్లాటినం గూడ గాదే... సస్తున్ననే నీయవ్వ..."

"పెట్రోల్ల నీళ్ళు వడ్డయేమో. టాంకి దులుపుమంటరా? దులిపితే పొద్దెక్కుతది మరి. మీరే జెప్పుండ్రి. కార్ల ఉందా, నా కాల్ల ఉందా?"

పరమేశ్ మంచం నులక పట్టుకుని మెలివడ్డడు. ఎంత గట్టిగున్న మనిషైనా రాయి ముంగట గట్టిగుంటడా? "స్లో! స్లో పెంచురా సిద్దిగా! నేనే గదరా తగ్గియ్యమన్న! మొదటికెల్లి నేనే తగ్గిపిచ్చిన... పెంచురా జల్దీ!"

గా మాట కోసమే ఆమె ఇన్నొద్దులు నూకిచ్చుకున్నది. నలుగుట్ల వాని నోటితోనే రావాలె, వాని మొఖం కింద వడాలె, అంతే. శోభ మంది మొఖాల దిక్కు సూసింది.

ఫకాలున ఒకడు నవ్విండు. ఇంకోడు తొడ సరుసుకున్నడు. "అబ్బ, ఏం దిమాకన్నా నీది! పెండ్లానికి మస్తు ఏసినవ్ గదా!" "మేము గూడ కాలే అనుకుంటిమి గదనే!" "మా ఇంటిదానికి గూడ గీ మంత్రమే వెయ్యాలె." ఛాయ్ గ్లాసులు వట్టుకుని వంగి వంగి నవ్విన్రు. నొప్పిల మూలుగుతున్న పరమేశ్ మొఖంల సుత, మూలుగుకు మూలుగుకు నడుమ, నవ్వొచ్చింది. మెచ్చుకుంటున్నరు గదా మరి.

థూ, వీళ్ళ ముంగట సిగ్గువడ్తడని ఎట్లనుకున్న అనుకున్నది శోభ. వానికి సిగ్గులేదు, గీళ్ళకు అసలే లేదు.

సిద్దయ్య పేచ్‌కస్ వట్టుకుని లోపటికి వంగిండు. వంగినోడు అట్లనే ఉండి, మెల్లగ తల లేపి, "స్లో మంచిగనే ఉంది గదమ్మా" అన్నడు సన్నగ.

"ఎరుకే. బానెట్ మూయి" అన్నది. కారుల కూసుని తాళం తిప్పింది. కాలు తీసి పక్కన వెట్టింది. ఇంజన్ గుడుగుడుమని, సల్లగ, ఒక్క తీరుగ నడవవట్టింది. మంచం మీద పరమేశ్ గా సప్పుడు ఇన్నడు. నవ్వు ఆగిపోయింది వానికి. ఆమెనే బంద్ వెట్టిందని సమజైంది.

"పట్టుండ్రి, కారుల ఎక్కిద్దాం" అని మంది మంచం కాడికి వంగిన్రు.

శోభ పక్క డోరు లోపటికెల్లి లాక్ జేసింది, ఎన్క డోర్లు గూడ జేసింది. అద్దం జెర దించింది. "నేను ఓడిపోయిన గదా. ఓడినోళ్ళ కారుల గెలిచినాయన ఎట్ల కూసుంటడు?"

"అమ్మా, పానం పోతాంది ఆయినకు" అన్నడు సిద్దయ్య.

"రాయికి పానం పోదు. బస్సొస్తది, ఎక్కియ్యుండ్రి. మా ఇంట్ల ఆడోళ్ళే బస్సెక్కొద్దు, మొగోళ్ళు ఎక్కొచ్చు."

"శోభా! శోభా, నీ కాల్మొక్తనే..." పరమేశ్ మంచం మీదికెల్లి చెయ్యి చాపిండు. గింతదాక నవ్వినోళ్ళు ఇప్పుడు నోరు తెరుచుకుని సూస్తున్నరు. ఆమె గేరేసి హైవే ఎక్కింది. అద్దంల ఎన్కకు సూడలే. ఒర్లుడు మాత్రం జెరసేపు చెవులల్లకెల్లి పోలే. పోనీయి, ఉండనీయి అనుకున్నది.

మండలాఫీసుల మీటింగు అప్పుడే మొదలైంది. గేటు బయట చెట్టుకింద సర్పంచుల మొగళ్ళు కూసుని బీడీలు తాగుతున్నరు. లోపట వాళ్ళ పెండ్లాలు కొంగులు కప్పుకుని గోడకు ఆనుకున్నరు. శోభ పోయి ముంగటి వరుసల కూసున్నది. వాళ్ళ ఊరి పేరు పిలువంగనే లేచింది. బోరు చాపలు వట్టెటోళ్ళ వాడల, సాలమ్మ ఇంటి ముంగట ఏయాలె అన్నది. వెంచర్ల ఏయొద్దని గూడ అన్నది, రాసుకోమన్నది. ఆఫీసరు రాసుకుని సంతకం వెట్టుమన్నడు. మొదటిసారి ఏం కాయిదమో సదివి వెట్టింది.

ఆఫీసరు కలం మూసుకుంట కిటికీ దిక్కు సూసిండు. కిటికీకాడ నిలవడి చెయ్యి ఊపుతనని పరమేశ్ అన్న ముచ్చట ఆయనకు ఎవలో చెప్పినట్టుంది. "ఏమ్మా, మీ ఆయిన రాలేదా ఇయ్యాల?" అన్నడు.

"తొవ్వల బంద్ వడ్డడు సార్" అన్నది శోభ. "నూకెటోళ్ళు మస్తు మందున్నరు, వాళ్ళే నూక్కుంట తెస్తరు."